కారు కంప్యూటర్‌కు ఎన్ని తలుపులు? ఆదివారం పూట కూర్చుని మూసుకునే పద్ధతి

ఇప్పటి కారులో బ్రేకు, స్టీరింగు, తలుపు తాళం, ఎయిర్‌బ్యాగు, ఏసీ ఇలా దేని దారిన దానికి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని ఈసీయూ అంటారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది మెలిపెట్టిన రెండు వైర్ల మీద. ఆ పద్ధతి పేరు క్యాన్. బాష్ కంపెనీ 1983లో దాని మీద పని మొదలుపెట్టి 1986లో బయటపెట్టింది. అప్పటికి కారులో సిమ్ లేదు, బ్లూటూత్ లేదు, బయటివాడు ఆ వైర్ల దాకా వస్తాడన్న ఊహే లేదు. అందుకే క్యాన్ సందేశంలో పంపినవాడి పేరు ఉండదు. ఒక నంబరు, దాని వెనక గరిష్ఠంగా 8 బైట్ల సమాచారం, అంతే. 'తలుపు తెరువు' అని సందేశం వస్తే తలుపు కంప్యూటర్ తెరుస్తుంది. అది తాళంచెవిని చదివే కంప్యూటర్ పంపిందా, హెడ్‌లైటు వెనక ఎవరో తగిలించిన డబ్బా పంపిందా అని అడగదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, కారు లోపలి పరిస్థితి అచ్చం అదే.

ఇది ఊహ కాదు. 2010లో, 2011లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా శాన్ డియాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు అమ్మకంలో ఉన్న కారునే తీసుకుని బ్లూటూత్, ఫోన్ నెట్‌వర్క్, చివరికి పాటల సీడీ ద్వారా కూడా లోపలికి వెళ్లొచ్చని చూపించారు. 2015 జూలైలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు ఇంట్లో కూర్చుని, హైవే మీద వెళ్తున్న జీప్ చెరోకీని దాని పాటల తెరకున్న నెట్‌వర్క్ దారిన పట్టుకున్నారు. ఆ దెబ్బకు తయారీదారు 14 లక్షల బండ్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

కొత్త మోడళ్లలో మధ్యన గేట్‌వే అనే కాపలా కంప్యూటర్ పెట్టి, ఏ సందేశం ఎటు వెళ్లాలో కొంత చూస్తున్నారు. అయినా లోపలి నమ్మకాన్ని మనం మార్చలేం. మన చేతిలో ఉన్నది లోపలికి వెళ్లే తలుపులు లెక్కపెట్టి, అక్కర్లేనివి మూయడం. బెంగళూరులో ఉండి వారమంతా బేస్‌మెంట్‌లో బండి పెట్టి, పండక్కి చిత్తూరో అనంతపురమో కర్నూలో వెళ్లొచ్చే ఇంటి కారును మనసులో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాం. మూడు గంటలు పడుతుంది. టార్చి, రెండు తాళంచెవులు, కారు మాన్యువల్, ఫోను, ఒక నోటుబుక్కు చాలు. ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది.

మొదటి పని: లెక్క రాసుకోండి

డ్రైవర్ సీట్లో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. తాళంచెవి జేబులోనే ఉండగా తలుపు తెరుచుకుంటుందా, లేక బటన్ నొక్కాలా? కారుకు కంపెనీ సిమ్, ఫోన్ యాప్ ఉన్నాయా? స్టీరింగ్ కింద సాకెట్‌లో ఏమైనా గుచ్చి ఉందా? తెర కంపెనీదా, బయట వేయించిందా? జీపీఎస్ ట్రాకర్ ఉందా, దాని సిమ్ ఎవరి పేరున ఉంది? బండి మీ చేతికి కొత్తగా వచ్చిందా, సెకండ్ హ్యాండా? బ్లూటూత్ జాబితాలో ఎన్ని ఫోన్ల పేర్లున్నాయి? ఈ జవాబుల్ని బట్టి కింది పనుల్లో మీకు వర్తించేవి చేయండి. పదేళ్ల నాటి, బటన్ తాళంచెవి ఉన్న, సిమ్ లేని కారుకు తాళంచెవి, స్టీరింగ్ కింది సాకెట్, బయట వేయించిన సామాన్లు చూసుకుంటే దాదాపు సరిపోతుంది.

రెండో పని: తాళంచెవి

అన్నిటికన్నా ఎక్కువ దొంగతనాలకు దారి ఇచ్చే తలుపు ఇదే, కాబట్టి తీరిగ్గా చేయండి.

జేబులోంచి తీయకుండానే పనిచేసే తాళంచెవి ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. మీరు హ్యాండిల్ ముట్టుకోగానే కారు చుట్టూ మీటరు, మీటరున్నర దూరం మాత్రమే అందే తక్కువ ఫ్రీక్వెన్సీ పిలుపు వెళ్తుంది. తాళంచెవి దాన్ని విని, ఎక్కువ దూరం అందే రేడియోలో జవాబిస్తుంది. మన దేశంలో అది సాధారణంగా 433 మెగాహెర్ట్జ్. పిలుపు అందింది కాబట్టి తాళంచెవి దగ్గర్లోనే ఉందని కారు నమ్ముతుంది. రిలే దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు పక్కన, ఇంకొకడు మీ గుమ్మం దగ్గర. కారు పిలుపును మొదటివాడి పెట్టె పట్టి రెండోవాడి పెట్టెకు పంపుతుంది, గోడకు అవతల కొక్కేనికి వేలాడుతున్న మీ తాళంచెవి నిజంగానే జవాబిస్తుంది. కోడ్ ఎంత గట్టిదైనా లాభం లేదు. వాళ్లు కోడ్‌ను విప్పడం లేదు, మోసుకెళ్తున్నారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లో 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్ల మీద ఇది పనిచేసిందని చూపించారు.

తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు, బండి రెండో బేస్‌మెంట్‌లో ఉంటే మధ్యన అంత కాంక్రీటు దాటి రెండు పెట్టెలు మాట్లాడుకోవడం కష్టం. ఇండిపెండెంట్ ఇల్లు, గుమ్మం పక్కనే తాళంచెవుల స్టాండు, గేటు ముందే కారు: ఇదీ అసలు ప్రమాదం ఉన్న అమరిక. అలాంటి ఇంట్లో ఉంటే ఈ రోజే తాళంచెవుల చోటు మార్చండి. వీధి గోడకు, గుమ్మానికి వీలైనంత దూరంగా, లోపలి గదిలో పెట్టండి.

తర్వాత సిగ్నల్ అడ్డుకునే పౌచ్ కొనండి. కొన్నాక పరీక్షించకుండా నమ్మకండి. రెండో తాళంచెవిని ఇంట్లోనే దూరంగా వదిలేసి రండి, లేకపోతే పరీక్ష తప్పుతుంది. మొదటిదాన్ని పౌచ్‌లో పెట్టి, మూత పూర్తిగా మడిచి, డ్రైవర్ తలుపు హ్యాండిల్‌కు ఆనించండి. హ్యాండిల్ మీది సెన్సర్ ముట్టుకోండి. తలుపు తెరుచుకోకూడదు. పౌచ్‌ను తిప్పి, బోర్లించి, నిలువుగా పట్టుకుని మళ్లీ చూడండి. లోపలి లోహపు అల్లిక మడత దగ్గరే ముందు చిరుగుతుంది, పైకి కనపడదు. మూడు నెలలకోసారి ఇదే పరీక్ష చేయండి. స్టీలు డబ్బా వాడేవాళ్లూ ఇలాగే చూసుకోవాలి. మూత వదులుగా ఉంటే డబ్బా పనికిరాదు. అల్యూమినియం ఫాయిల్ రెండు మూడు చుట్లు చుడితే ఆపుతుంది గానీ రెండు రోజులకే చిరుగుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. మరిచిపోయి ఎవరైనా ఆన్ చేస్తే తాళంచెవి కాలిపోతుంది.

పౌచ్ కన్నా మంచి ఉపాయం కొన్ని కార్లలో ఇప్పటికే ఉంది. మాన్యువల్‌లో 'స్మార్ట్ కీ' అధ్యాయం తీసి రెండు విషయాలు వెతకండి. ఒకటి, తెర సెట్టింగుల్లోనో తాళంచెవి బటన్లతోనో ఈ ముట్టుకుంటే తెరుచుకునే సౌకర్యాన్ని ఆపే వీలు. చాలా టయోటాల్లో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే తాళంచెవి పిలుపులకు జవాబివ్వడం మానేస్తుంది, మళ్లీ ఏదైనా బటన్ నొక్కితే లేస్తుంది. రెండు, తాళంచెవిలో కదలిక సెన్సర్ ఉందా అన్నది. కదలకుండా ఉంటే కొద్దిసేపటికి నిద్రపోయే రకం ఇది. పరీక్ష తేలిక: డ్రైవర్ తలుపుకు అడుగు దూరంలో స్టూలు వేసి దాని మీద తాళంచెవి పెట్టి, పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత హ్యాండిల్ ముట్టుకోండి. తెరుచుకోకపోతే మీ తాళంచెవి నిద్రపోతున్నట్టే. కొత్త ఖరీదైన కార్లలో వచ్చే యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) తాళంచెవులు సిగ్నల్ ప్రయాణించిన సమయాన్ని కొలుస్తాయి, కాబట్టి వాటిని రిలే చేయడం చాలా కష్టం. కొత్త బండి కొంటున్నవాళ్లు షోరూంలో ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి.

బటన్ నొక్కే మామూలు రిమోట్‌కు రిలే భయం లేదు గానీ జామర్ భయం ఉంది. మాల్ పార్కింగ్‌లోనో ఫంక్షన్ హాలు బయటో మీరు లాక్ నొక్కి వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. దగ్గర్లో ఎవరో అదే ఫ్రీక్వెన్సీలో గోల పెడితే కారుకు మీ ఆజ్ఞ అందదు, తలుపులు తెరిచే ఉంటాయి. ఇండికేటర్లు వెలిగి, అద్దాలు ముడుచుకునే దాకా నిలబడండి. చేత్తో లాగి చూడాలంటే వెనక తలుపు లాగండి. స్మార్ట్ కీ ఉన్న బండిలో ముందు హ్యాండిల్ ముట్టుకుంటే మీ జేబులోని తాళంచెవే దాన్ని తెరిచేస్తుంది, ఏదీ తేలదు. మొదటిసారి నొక్కినప్పుడు పనిచేయక, రెండోసారి పనిచేస్తే అనుమానించండి. మొదటి కోడ్‌ను అడ్డుకుని దాచుకుని, రెండోదాన్ని కూడా పట్టి, కారుకు మొదటిది వినిపించే పరికరాన్ని 2015లోనే శామీ కమ్కార్ అనే పరిశోధకుడు చేసి చూపించాడు. రెండో కోడ్ వాడి దగ్గర చెల్లుబాటుగా మిగిలి ఉంటుంది. అలాంటప్పుడు బండిని అక్కడినుంచి తీసి వేరేచోట పెట్టి, మళ్లీ రెండు మూడుసార్లు లాక్, అన్‌లాక్ చేయండి. కొత్త కోడ్ అందగానే పాతది చెల్లదు.

మూడో పని: స్టీరింగ్ కింది సాకెట్

డ్రైవర్ మోకాలి పైన, డాష్‌బోర్డ్ అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం. దీన్నే ఓబీడీ అంటారు. మెకానిక్ స్కానర్ గుచ్చేది ఇక్కడే. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లన్నిటిలో దాదాపు ఉంటుంది. వెడల్పు వైపు పైకి ఉండేలా ఎదురుగా చూస్తే పై వరస ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరస 9 నుంచి 16. నాలుగు, అయిదు ఎర్త్. పదహారులో తాళంచెవి తీసేసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. ఆరు, దాని సరిగ్గా కింద ఉండే పద్నాలుగు: ఇవే క్యాన్ వైర్లు. కారు నరాల మీద చెయ్యి వేయడానికి ఇంతకన్నా తిన్నని దారి లేదు. కిటికీ అద్దం పగలగొట్టి ఇక్కడ పరికరం గుచ్చి, కొత్త తాళంచెవిని నిమిషాల్లో నమోదు చేసుకుని బండి తోలుకెళ్లే దొంగలున్నారు.

టార్చి వేసి కింద పడుకుని చూడండి. సాకెట్ ఖాళీగా ఉండాలి. దాని వెనక వైర్లను వేలితో తడమండి. కంపెనీ వైర్లు నల్లటి గుడ్డ టేపుతోనో గరుకు ప్లాస్టిక్ గొట్టంతోనో చుట్టి, క్లిప్పులతో బిగించి ఉంటాయి. మెరిసే ఇన్సులేషన్ టేపు చుట్ట, అతికిన జిగురు, నైలాన్ టై కనపడితే ఎవరో తర్వాత వేసిందే. సాకెట్ నుంచి రెండుగా చీలే కేబుల్ ఉంటే దాని రెండో కొన ఎక్కడికి వెళ్తోందో చివరి దాకా వెంబడించండి.

ఈ సాకెట్‌లో గుచ్చి, కారు సమాచారాన్ని ఫోన్‌కు పంపే చిన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ వాడుతున్నవారు చాలామంది ఉన్నారు. చవకవాటికి జత చేసే కోడ్ 1234 లేదా 0000, మార్చే వీలుండదు. పక్క స్లాటులో బండి పెట్టినవాడు కూడా జత కట్టొచ్చు. పైగా అది రాత్రీపగలూ కరెంటు తాగుతుంది. 50 మిల్లీ యాంపియర్లనుకుంటే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు, పండక్కి ఊరెళ్లి పది రోజులకు వస్తే 12. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35 నుంచి 45. కారు సొంత ఖర్చు కూడా కలిస్తే స్టార్ట్ కాదు. పని అయ్యాక పీకేసి డాష్‌బోర్డ్ అరలో పెట్టుకోండి. 2015లోనే పరిశోధకులు ఇలాంటి ఒక ఇన్సూరెన్స్ డాంగిల్‌కు ఎస్ఎంఎస్ పంపి ఒక కొర్వెట్ కారు బ్రేకులను ఆడించి చూపించారు. మన దగ్గరా 2022 జూలై నుంచి బండి నడిపినంతకే ప్రీమియం కట్టే పాలసీలకు అనుమతి ఉంది. వీలైతే డాంగిల్ గుచ్చే పాలసీ బదులు ఫోన్ యాప్‌తోనో ఓడోమీటర్ ఫొటోతోనో నడిచేది ఎంచుకోండి.

మల్టీమీటర్ ఉంటే ఒక కొలత తీసి పెట్టుకోండి. తాళంచెవి తీసేసి, తలుపులన్నీ మూసి, పది నిమిషాలు బండిని నిద్రపోనివ్వండి. మీటరును ఓమ్‌ల మీద పెట్టి ఒక మొన ఆరో పిన్నుకు, ఇంకోటి పద్నాలుగుకు ఆనించండి. లోపలికి గుచ్చకండి, పిన్ను వదులైపోతే రేపు స్కానర్ సరిగా తగలదు. మొన జారి పదహారుకూ ఎర్త్‌కూ కలిపి తగిలితే ఫ్యూజు పోతుంది. క్యాన్ వైర్ల రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, కాబట్టి చాలా కార్లలో 60 దగ్గర చూపిస్తుంది. గేట్‌వే ఉన్న కార్లలో వేరే అంకె రావచ్చు, అదేం తప్పు కాదు. అంకె ఎంతన్నది కాదు, మీ బండికి మామూలుగా ఎంతో రాసి పెట్టుకోవడమే ముఖ్యం. రేపు 60 కాస్తా 40 అయితే ఎవరో మూడో రెసిస్టర్ ఉన్న పరికరం కలిపారని, 120 అయితే ఎక్కడో వైరు తెగిందని అర్థం.

సాకెట్‌కు తాళం వేసే లోహపు మూతలు దొరుకుతాయి. దొంగకు నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టించడమే దాని పని, ఆ నాలుగు నిమిషాలకూ విలువుంది. స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే పాతకాలపు ఇనప తాళం కూడా ఇలాంటిదే. దాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తెరవలేదు.

నాలుగో పని: జేసీ రోడ్డులో వేయించిన సామాన్లు

బెంగళూరులో బండి కొన్న వారానికే చాలామంది జేసీ రోడ్డుకో మారతహళ్లి వైపు దుకాణాలకో వెళ్లి తెర, కెమెరా, ట్రాకర్ వేయించుకుంటారు. దొంగ భయంతో వేయించే ట్రాకరే కొత్త తలుపు కావడం ఇందులో అన్నిటికన్నా బాధాకరం. 2022 జూలైలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా మైకోడస్ ఎంవీ720 అనే చవక ట్రాకర్ గురించి హెచ్చరిక ఇచ్చింది. దాని డిఫాల్ట్ పాస్‌వర్డ్ 123456. ఎవరైనా దానిలోకి వెళ్లి బండి ఎక్కడుందో చూడొచ్చు, పెట్రోలు సరఫరా కూడా కోసేయొచ్చు. ఆ కంపెనీ ట్రాకర్లు 169 దేశాల్లో 15 లక్షలు వాడకంలో ఉన్నాయని లోపం కనిపెట్టిన బిట్‌సైట్ అనే భద్రతా సంస్థ లెక్క.

కాబట్టి ట్రాకర్ వేయించేటప్పుడు వైర్ల దగ్గర నిలబడండి. ఎర్రది బ్యాటరీకి, నల్లది ఎర్త్‌కు, ఇంకోటి ఇగ్నిషన్‌కు వెళ్తాయి. వీటితోనే ట్రాకర్ పనిచేస్తుంది. నాలుగోది పెట్రోలు పంపును ఆపే రిలే అనే కరెంటు స్విచ్చుకు. అది వద్దు. "అన్నా, ఫ్యూయల్ కట్ రిలే కలపొద్దు, ఆ వైరు కొనకు టేపు చుట్టి వదిలేయండి, కంపెనీ వైరు ఎక్కడా కోయొద్దు, ఫ్యూజ్ ట్యాప్ పెట్టండి" అని ముందే చెప్పండి. ఫ్యూజ్ ట్యాప్ అంటే వైరు కోయకుండా ఫ్యూజు దగ్గరే కరెంటు తీసుకునే చిన్న ముక్క. అక్కడ చాలామంది తెలుగు అర్థం చేసుకుంటారు. రిలే లేకపోతే ఉపయోగమేంటని దుకాణదారు అడుగుతాడు. ఫ్లైఓవర్ మీద పోతున్నప్పుడు పంపు ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. దొంగను ఆపడానికి పెట్టింది మనింటివాళ్ల ప్రాణం మీదికి రాకూడదు. ఆ రిలే నాసిరకంది అయితే ఎవరూ హ్యాక్ చేయకుండానే పాయింట్లు మాడి బండి నడిరోడ్డున ఆగుతుంది.

బిగించాక దుకాణం దాటక ముందే పాస్‌వర్డ్ మార్చండి. చాలా ట్రాకర్లలో పాత పాస్‌వర్డ్, కొత్తది కలిపి ఎస్ఎంఎస్ పంపితే మారుతుంది. సరైన వరస దాని కాగితంలో ఉంటుంది. ఆజ్ఞలు మీ నంబరు నుంచే తీసుకునేలా అడ్మిన్ నంబరు నమోదు చేయండి. వెబ్ లాగిన్‌కు వేరే పాస్‌వర్డ్ ఉంటుంది, అదీ మార్చండి. సిమ్ మీ పేరునే ఉండాలి. ఇవేవీ మార్చనివ్వని ట్రాకర్‌ను వెనక్కి ఇచ్చేయండి. పసుపు బోర్డు టాక్సీలకు ఏఐఎస్ 140 అనే వాహన ప్రమాణం ప్రకారం తప్పనిసరిగా వేసే ట్రాకర్, పానిక్ బటన్ వేరే సంగతి, వాటి జోలికి వెళ్లకండి.

బయట వేసే ఆండ్రాయిడ్ తెరకు స్టీరింగ్ బటన్లు పనిచేయాలంటే క్యాన్ బాక్స్ అనే చిన్న డబ్బా కలుపుతారు. అంటే ఆ తెర కారు వైర్ల మీదే కూర్చుంటుంది. అలాంటి తెరలో సిమ్ వేయకండి, ఎక్కడెక్కడి నుంచో దించిన యాప్ ఫైళ్లు (ఏపీకే) ఎక్కించకండి, మీ ఈమెయిల్‌తో లాగిన్ కాకండి. పాటలకు ఫోన్‌ను కలుపుకుంటే చాలు.

అయిదో పని: యాప్, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండికి

సిమ్ ఉన్న కారును ఫోన్‌లోనే తెరవొచ్చు, ఏసీ వేయొచ్చు, ఎక్కడుందో చూడొచ్చు. 2016లో నిస్సాన్ లీఫ్ యాప్‌కు కారు ఛాసిస్ నంబరు తెలిస్తే చాలు, పాస్‌వర్డే అక్కర్లేదని బయటపడింది. ఆ నంబరు ముందు అద్దం మీదే కనపడేది. 2024లో కియా వెబ్‌సైట్ లోపం వల్ల నంబర్ ప్లేట్ తెలిస్తే అమెరికాలో బండిని అదుపులోకి తీసుకోవచ్చని పరిశోధకులు చూపించారు. రెంటినీ సరిచేశారు. సర్వర్ లోపాన్ని మనం ఆపలేం. మన పాస్‌వర్డ్ వేరే ఎక్కడా వాడనిదై ఉండాలి, యాప్‌కు పిన్ను ఉండాలి, 'షేర్డ్ యూజర్స్' జాబితాలో మానేసిన డ్రైవర్ పేరు ఉండకూడదు. అంతవరకు మన చేతిలో ఉంది.

సెకండ్ హ్యాండ్ బండిలో ఇంకో చిక్కుంది. అమ్మినాయన చెడ్డవాడు కానక్కర్లేదు, తన ఫోన్‌లో యాప్ తీసేయడం మరిచిపోతాడంతే. మీ ఇల్లు, ఆఫీసు, పిల్లల బడి అన్నీ ఆయన ఫోన్‌లో కనపడుతూ ఉంటాయి. డబ్బు మొత్తం చెల్లించక ముందే, ఎదురుగా కూర్చున్నప్పుడే, "సార్, యాప్‌లోంచి బండిని ఒకసారి తీసేయండి" అని అడగండి. యాప్‌ను ఫోన్‌లోంచి డిలీట్ చేస్తే చాలదు, ఖాతాలోంచి బండిని తొలగించాలి. తర్వాత తెర సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, బ్లూటూత్ జాబితా ఖాళీ అయిందో లేదో చూడండి. ఆర్సీ మీ పేరుకు మారాక దాని కాపీతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి కంపెనీ రికార్డులో యజమాని పేరు, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు మార్పించండి. ఫాస్టాగ్‌ను పాత యజమాని మూయించాలి, మీరు కొత్తది తీసుకోవాలి.

అదే రోజు సర్వీస్ అడ్వైజర్‌తో ఇంకో మాట: "బండికి ఎన్ని కీలు నమోదై ఉన్నాయో స్కానర్‌లో చూపించండి. అన్నీ తీసేసి ఈ రెండే మళ్లీ నమోదు చేయండి." రెండు తాళంచెవులూ తీసుకెళ్లకపోతే ఈ పని కాదు. రెండో తాళంచెవి లేదని అమ్మేవారు చెబితే, కొత్తది చేయించే ఖర్చు కనుక్కుని బేరంలో తగ్గించుకోండి.

చివరగా పాత ట్రాకర్ కోసం వెతకండి. ఫైనాన్స్ వాళ్లో, అద్దెకు తిప్పినవాళ్లో వేసి మరిచిపోతారు. గ్లవ్ బాక్సు వెనక, సీట్ల కింద, స్టీరింగ్ కాలమ్ చుట్టూ, డిక్కీ పక్క గోడల అట్ట వెనక, బ్యాటరీ ప్లస్ దగ్గర అదనపు ఎర్ర వైరు: ఈ అయిదు చోట్లూ చూస్తే చాలావరకు దొరికిపోతుంది.

ఆరో పని: తెర, అప్‌డేట్లు

బ్లూటూత్ జాబితాలో ఇంటివాళ్ల ఫోన్లు తప్ప మిగతావి తీసేయండి. కారు వైఫై హాట్‌స్పాట్ ఉంటే దాని పాస్‌వర్డ్ మార్చండి, వాడకపోతే ఆపేయండి. అద్దె కారులో ఫోన్ కలిపితే దిగేముందు తీసేసి, కాంటాక్టులు కూడా తుడిచేయండి.

అప్‌డేట్ విషయంలో బెంగళూరు అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకమైన చిక్కుంది. బండి ఎప్పుడూ రెండో బేస్‌మెంట్‌లో ఉంటే సిగ్నల్ అందదు, గాల్లోంచి రావాల్సిన అప్‌డేట్ నెలల తరబడి రాదు. నెలకోసారి పైన నీడలో అరగంట ఆపి, సెట్టింగుల్లో అప్‌డేట్ వెతికి, వెర్షన్ నంబరును ఫొటో తీసుకోండి. యూఎస్బీతో చేయాల్సి వస్తే ఫైలు కంపెనీ వెబ్‌సైట్ నుంచో సర్వీస్ సెంటర్ నుంచో మాత్రమే తీసుకోండి. ఎవరో పంపిన లింకు నుంచి వద్దు. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోకూడదు. మధ్యలో ఆగితే తెర నల్లగా మిగిలిపోతుంది, మార్చాల్సి రావచ్చు. బ్యాటరీ బలహీనంగా ఉంటే ఆ రోజు మొదలుపెట్టకండి. ఇంజను నడపమని మాన్యువల్ చెబితే బేస్‌మెంట్‌లో కాదు, బయట గాలి ఆడేచోట నడపండి.

కొత్త కారు కొనేటప్పుడు ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఐరాసలో రూపొందిన ఆర్155 నియమం వల్ల యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్త బండ్లన్నిటికీ సైబర్ భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. మన దగ్గర దానికి దీటుగా ఏఐఎస్ 189, అప్‌డేట్లకు ఏఐఎస్ 190 రూపొందాయి. షోరూంలో ఈ అంకెలు చెప్పి అడిగితే కనీసం ప్రశ్న పైవాళ్ల దాకా వెళ్తుంది.

వింతగా ఏదైనా జరిగితే

డాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే హ్యాక్ అయిందని కంగారు పడకండి. చాలాసార్లు కారణం బలహీనపడ్డ 12 వోల్టుల బ్యాటరీయే. రాత్రంతా ఆపిన బండికి ఉదయం 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే కంప్యూటర్లు ఒకదానికొకటి వినపడక 'యూ' అక్షరంతో మొదలయ్యే తప్పు కోడ్‌లు రాస్తాయి. తర్వాతి అనుమానం ఎలుకలు. బేస్‌మెంట్‌లలో ఇవి వైర్లు కొరకడం మామూలే.

అనుమానించాల్సింది ఈ మూడూ కలిస్తే: ముందు చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఊడి ఉండడం, అదే వైపు హెడ్‌లైటు పనిచేయకపోవడం, స్కానర్‌లో ఒకేసారి బోలెడు 'యూ' కోడ్‌లు. 2022లో లండన్‌లో ఒక టయోటా రావ్4 ఇలాగే పోయింది. తొడుగు లాగి, హెడ్‌లైటు వైర్ల దారిన క్యాన్ మీదికి వెళ్లి, తాళంచెవి సరైనదేనని కారుకు అబద్ధం చెప్పారు. మొదటి రోజు తొడుగు లాగి వదిలేసి, తర్వాత వచ్చి పని పూర్తిచేస్తారు. కాబట్టి ఊడిన తొడుగును ఆకతాయి పని అనుకుని మళ్లీ నొక్కేసి ఊరుకోకండి. బండి చోటు మార్చండి, ఇనప తాళం వేయండి, అసోసియేషన్ వాళ్లను కెమెరా రికార్డింగు దాచమనండి. చాలాచోట్ల పాత రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోతుంది.

బండి పోతే

ముందు 112కు ఫోన్ చేయండి. నంబరు, రంగు, ఛాసిస్ నంబరు, యాప్‌లో చివరిసారి కనపడిన చోటు చెప్పండి. యాప్‌లో బండి కదులుతూ కనపడినా మీరు వెంటపడకండి, ఆ లైవ్ లొకేషన్ పోలీసులకు చూపించండి. స్టార్ట్ కాకుండా ఆపే ఆజ్ఞ యాప్‌లో ఉంటే బండి ఆగాకే వాడండి. దగ్గరి స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాయించి, ఆ రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. యాప్ ఖాతాలోకి ఎవరో చొరబడినట్టు అనుమానముంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు కూడా చెప్పండి.

క్లెయిం దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి వస్తువు రెండు అసలు తాళంచెవులు. ఒకటే ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. రిలే దొంగతనంలో తలుపు పగలదు, అద్దం పగలదు, గాజు ముక్క కూడా కింద దొరకదు. తాళంచెవి మీ దగ్గరే ఉందని రుజువు చేసేవి ఆ రెండు కీలు, సీసీటీవీ, యాప్‌లోని లాక్ చరిత్ర మాత్రమే. యాప్ చరిత్రను ఆ రాత్రే స్క్రీన్‌షాట్ తీయండి. బండి దొరకకపోతే పోలీసులు కోర్టుకు ఇచ్చే తుది నివేదికను కర్ణాటకలో 'సీ రిపోర్ట్' అంటారు, క్లెయింకు దాని కాపీ కావాలి. అందుకు నెలలు పడుతుంది కాబట్టి ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరు, దర్యాప్తు అధికారి పేరు ఆ నోటుబుక్కులోనే, మీరు మొదట రాసుకున్న లెక్క పక్కనే రాసి పెట్టుకోండి.